చార్జి లిస్టు గారికి ఓ అర్జీ

గౌరవనీయులైన చార్జి లిస్టు గారికి,

హన్మకొండ నుంచి నమస్కారాలు. పాత సారు బదిలీ కాగానే, కొత్త సారుకు ఆఫీసు సామాను అప్పగించే జాబితాగా మీరు పుడతారు. ఇనుప బీరువాలు రెండు, తాళంచెవి ఒక్కటే, చక్రం ఊడిన కుర్చీ, నడవని యూపీఎస్. కింద అప్పగించినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం. కుర్చీ చక్రం సంగతి కూడా వదలని మీరు, ఫలానా ఫైలు ఎందుకు ఆగిందో మాత్రం ఒక్క ముక్క రాయరు.

ఆ ముచ్చట పాత సారు తలకాయలో ఉండె. తలకాయకు స్టాకు రిజిస్టర్లో కాలమ్ లేదాయె.

కొత్త సారు వస్తారు. "మొదటి నుంచి చెప్పు పెద్దమనిషీ" అంటారు. ఆ ఫైలు కోసం తిరిగే రైతు, సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో మళ్లీ మొదలుపెడతాడు. ఆఫీసు మొత్తంలో ఆ కేసు మీద పట్టున్నది ఆ రైతుకే. నన్నడిగితే సూపరింటెండెంటు కుర్చీ ఆయనకే వెయ్యాలె.

మీకైతే గిరాకీ తగ్గలేదు. 2016లో ఉమ్మడి వరంగల్ ఐదు జిల్లాలైంది, 2019లో ములుగు వేరుపడింది. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండైంది, రూరలేమో వరంగలైంది. బోర్డులు, స్టాంపులు కొత్తగా చేయించారు. అదంతా మీకు ఎక్కే సరుకే.

ఎక్కనిది వీఆర్వోల, అంటే గ్రామ రెవెన్యూ అధికారుల సంగతి. 2020లో ఆ పోస్టులు రద్దుచేసి రికార్డులు స్వాధీనం చేసుకున్నారు. 2022లో వాళ్లను లాటరీ తీసి వేరే శాఖలకు పంచారు. లంచాల ఆరోపణలు ఉన్నమాట నిజమే. కానీ ఏ సర్వే నంబరు హద్దురాయి ఏ తుమ్మచెట్టు పక్కన ఉందో తెలిసినవాళ్లు కూడా వాళ్లే. పహాణీలనే భూమి రికార్డులు బీరువాలోకి చేరాయి, మీరు టిక్కు పెట్టుకున్నారు. తీరా 2025లో గ్రామ పాలన అధికారులంటూ పాతవాళ్లలో కొందరిని మళ్లీ పిలిచారు.

శిక్షణకు కొదవ లేదు. ఉద్యోగులకు పాఠాలు చెప్పేందుకు కేంద్రం 2020లోనే మిషన్ కర్మయోగి తెచ్చింది. పాఠాలు ఎక్కువగా ఆన్‌లైన్లోనే, వీడియో దాని మానాన అది నడుస్తుంటే సారు టిఫిన్ డబ్బా విప్పుకోవచ్చు. శ్రద్ధగా నేర్చుకున్నా ఏం లాభం? సర్టిఫికెట్ సారుతోపాటే బదిలీ అవుతుంది.

కాబట్టి మనవి. మీ చివర ఒక్క కాగితం కలుపుకోండి: ఏ పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరిని అడగాలి. అది రాసి సంతకం పెట్టేదాకా పాత సారుకు శాలువా కప్పొద్దు.

ఇట్లు,
అర్జీదారు

జతపరచినవి: ఇదివరకటి అర్జీల నకళ్లు. అసలువి బీరువాలోనే ఉన్నాయట, తాళంచెవే దొరుకుతలేదట.