వడ్డవారం అంటే వడ్డీ కాదు

నలభై మూడేళ్ల వయసులో శాసనాలు చదవడం నేర్చుకుంటున్నానని చెబితే హనుమకొండలో తెలిసినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. కొందరు "ఏమొస్తది సార్ దాంతోని?" అంటారు. కొందరు "చదువుకు వయసుతో పనేంది సార్, సూపర్" అని భుజం తడతారు. మొదటివాళ్ల మీద నాకు కోపం లేదు. పేచీ అంతా రెండోవాళ్లతోనే. వయసుతో పని ఉంది, చాలా ఉంది.

ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతున్నా. క్లాసులో తప్పు చెప్పి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. అలాంటివాడిని ఇప్పుడు ఆదివారం క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటున్నా. మొదటి నెలలోనే వేయిస్తంభాల గుడి శాసనం తేదీ చెప్పడం నా వంతుకు వచ్చింది. కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించినది. శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే శకవర్షానికి 78 కలపాలని ముందు వారమే చెప్పారు. లెక్కల మనిషిని కదా, టక్కున 1162 అన్నా. ఊరుకోకుండా, వడ్డవారమంటే వడ్డీలు కట్టే రోజేమో అని కూడా అన్నా.

క్లాసంతా నవ్వింది. ముందు బెంచీలోంచి మా అమ్మాయి వయసు పిల్ల వెనక్కి తిరిగి, "సార్, ఉగాదికి గదా శకవర్షం మారేది. మాఘం వచ్చేసరికి జనవరి పడుతది, 79 కలపాలె. 1163 జనవరి 19. వడ్డవారం అంటే శనివారం సార్" అంది. పాపం, మెత్తగానే చెప్పింది. వెక్కిరించినా అంత గుచ్చుకునేది కాదు.

పోనీ లిపి పట్టుబడితే గట్టెక్కినట్టే అనుకున్నా. అక్షరాలు అటు తెలుగుకూ ఇటు కన్నడానికీ చుట్టాలు. మాటల మధ్య ఖాళీ ఉండదు, పంక్తి ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. తీరా అక్షరాలు కూడబలుక్కుంటే ఆ శాసనంలో చాలాభాగం సంస్కృతం. సంస్కృతం మొదలుపెడితే పంచాంగం రాదని తెలిసింది. కొత్త సబ్జెక్టును ఒక్కదాన్ని ఇంటికి పిలిస్తే చుట్టపక్కాలను నలుగురిని వెంటేసుకొని వస్తుంది. దీనికోసం ఆదివారం ట్యూషన్ బ్యాచ్ వదిలేశా. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. నెలాఖరున పాలవాడి లెక్క మాత్రం నాకు వినపడేలా చదువుతుంది.

మరి ఎందుకు మానలేదంటే, బయ్యారం వల్ల. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ అక్కడ చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల తొలితరం వాళ్ల పేర్లు అందులో వరుసగా దొరికాయి. చెరువు తవ్వించిన సంగతి రాస్తూ తాతముత్తాతలను కూడా చెక్కించింది కాబట్టి మనకు తెలిసింది. అది విన్నరోజు మా ఊరి చెరువుకట్ట మీది రాయి గుర్తొచ్చింది. చిన్నప్పుడు దానిమీద బట్టలు ఆరేసేవాళ్లం.

దసరాకు పోయి చూశా. ఎవరో భక్తితో సగం దాకా ఆయిల్ పెయింట్ పూశారు. (దండం పెడతా, రాళ్లకు రంగులెయ్యకండి. గాట్లు పూడిపోతాయి.) మిగిలిన సగం మీద గంటన్నర కూర్చుంటే ఒక్క మాట తేలింది: "చెఱువు". బండి ఱ. వేలు పెట్టి తడిమి చూశా. ఒళ్లు ఝల్లుమంది. అది ఎవరికి చెప్పుకోవాలి?

అమ్మ వచ్చి, "ఏమున్నదిరా అండ్ల?" అంది.

"చెరువు అని ఉందమ్మా."

"చెరువుకట్ట మీది రాయిల చెరువు అని గాక ఇంకేముంటది? గిందుకా ఆదివారం ఆదివారం పోతున్నవు?"

కింది పంక్తికి వెలుతురు చాలలేదు. ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోమన్నా. గొణుక్కుంటూనే కూర్చుని పట్టుకుంది.