‘ప్యాంటు అరిగితే పారేయండి’: ఈ వాట్సాప్ సలహాలో నిజమెంత?

కొద్ది రోజులుగా అనంతపురంలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకే సందేశం కనిపిస్తోంది. ‘టైలర్లు మీకు చెప్పని అయిదు నిజాలు’ అని దాని శీర్షిక. ఒకటి, ప్యాంటు తొడల మధ్య అరిగితే దాని ఆయుష్షు తీరినట్టే, కుట్టించినా పక్కనే మళ్లీ చిరుగుతుంది. రెండు, అలా అరగడం లావుగా ఉన్నవాళ్ల సమస్య. మూడు, మందమైన జీన్సు కొంటే ఆ బాధే ఉండదు. నాలుగు, చిల్లు పడితే ఇన్‌స్టంట్ జిగురుతో గుడ్డముక్క అతికించుకోండి. అయిదు, జీన్సును ఆరు నెలలు ఉతక్కండి. చివర చేతులు జోడించిన బొమ్మ, పదిమందికి పంపమని విన్నపం. ఇంట్లో మిషన్ పెట్టుకుని పాతబట్టలు బాగుచేసే పని నాది కాబట్టి, ఇది నిజమేనా అని అడిగేవారు ఎక్కువయ్యారు.

ముందు నాలుగోదాని సంగతి చూద్దాం. మిగిలినవి నమ్మితే డబ్బు నష్టం, ఇది నమ్మితే ఒళ్లు కాలుతుంది. ఇన్‌స్టంట్ జిగురులో ఉండేది సైనోఅక్రిలేట్. నూలుగుడ్డకు తగిలిందంటే అది అతి వేగంగా గట్టిపడుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. చర్మం బొబ్బలెక్కేంత వేడి. ఎక్కువగా పోస్తే పొగ కూడా వస్తుంది. ప్యాంటు విప్పకుండానే ఈ ప్రయోగం చేసే మహానుభావులు ఎక్కడో ఉండే ఉంటారు. ఏ ప్రమాదమూ జరగలేదనుకున్నా, నడిచినప్పుడల్లా వంగాల్సిన గుడ్డ ఆ చోట బిగుసుకుపోయి జిగురు అంచు దగ్గర విరుగుతుంది, ఆ గరుకు అంచు తొడను గీరుతుంది. ఇస్త్రీపెట్టె వేడితో అంటుకునే పట్టీలకు ఈ ప్రమాదం లేదు. కానీ చుట్టూ కుట్టకపోతే నాలుగు ఉతుకులకే వాటి అంచులు లేస్తాయి.

ఇక మొదటి మాట. కుట్టించినా పక్కనే చిరుగుతుందన్న దాంట్లో సగం నిజముంది, జనం నమ్మేదీ అందుకే. అలా రెండోసారి చిరిగిన ప్యాంట్లు నా దగ్గరకూ వస్తుంటాయి. పాత కుట్టు విప్పి చూస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. చిల్లు ఎంత ఉందో అంతే ముక్క వేసి, దాని అంచు వెంట లావు దారంతో చిన్నచిన్న కుట్లు దట్టంగా బిగించి ఉంటారు. చిల్లు చుట్టూ ఉన్న గుడ్డ అప్పటికే సగం అరిగి ఉంటుంది. ఆ బలహీనమైన చోట ఒకే గీత మీద వరుసగా సూదిపోట్లు పడితే, తపాలా బిళ్లల షీటు చిరిగినట్టు గీత వెంటే వస్తుంది. దీనికి మరమ్మతునే తప్పుపట్టడం అన్యాయం.

జీన్సు గుడ్డ అయిన డెనిమ్‌లో పడుగు, అంటే నిలువు పోగులు నీలం; పేక, అంటే అడ్డపోగులు తెలుపు. పడుగు మూడు పేకల మీదుగా పోయి ఒకదాని కిందికి దిగుతుంది కాబట్టి పైకి కనిపించేది ఎక్కువగా నీలమే. రాపిడి మొదట తినేదీ ఆ పడుగునే. ధర్మవరం, ఉరవకొండ మగ్గాల మధ్య పెరిగినవారికి నేను వివరించనక్కర లేదు, పడుగు తెగితే పేక ఒక్కటే గుడ్డను ఎంతోకాలం నిలపలేదు. తొడ దగ్గర నీలం పోయి తెల్లని అడ్డపోగులు తేలాయంటే చిల్లుకు ఇక ఎంతో దూరం లేదు. ప్యాంటును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ పలుచబడిందో తెలిసిపోతుంది. మాసిక వేయాల్సింది అప్పుడే, చిల్లు పడకముందే.

వేసే తీరు ఇది. మాసిక లోపలివైపు ఉండాలి. ముక్క ప్యాంటు గుడ్డకన్నా పలుచగా, మెత్తగా ఉండాలి. పాత నూలు చొక్కా గుడ్డ చక్కగా పనికొస్తుంది. కొత్త గుడ్డయితే ముందు నీళ్లలో ముంచి ఆరబెట్టండి, లేకపోతే కుట్టిన తర్వాత అది కుంచించుకుని పైగుడ్డను ముడతలు పెడుతుంది. దాని పడుగు కూడా ప్యాంటు పడుగు పోయే దిక్కునే పోవాలి. అరిగిన చోటు దాటి చుట్టూ కనీసం 2 సెంటీమీటర్లు గట్టి గుడ్డ మీదికి రావాలి. చతురస్రంగా కత్తిరించకండి, మూలల దగ్గరే లాగుడు ఎక్కువ; కోలగా కత్తిరించండి. అంచు మడవకండి, మడిస్తే గట్టు కట్టి అక్కడే మళ్లీ అరుగుతుంది. చేత్తో వదులుగా నాలుగు కుట్లు వేసి నిలిపాక, మామూలు కుట్టు దారంతో, మందాన్ని బట్టి 14 లేదా 16 నంబరు సూదితో, పడుగు వెంట ముందుకీ వెనక్కీ 3, 4 మిల్లీమీటర్ల ఎడంతో వరుసలు నడపండి. అన్ని వరుసలూ ఒకే గీత దగ్గర ఆగకూడదు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. లాగుడు అప్పుడు నలుమూలలకూ పంచుకుంటుంది, చిరగడానికి గీత దొరకదు.

మిషన్ లేనివారు చేత్తోనే చేయవచ్చు. పాత చీరలతో బొంత కుట్టినవారికి ఆ కుట్టు కొత్తది కాదు. సూదిని గుడ్డలోకి పైకీ కిందికీ నడుపుతూ వరుసలు వేయడమే. దారం బిగించి లాగకుండా ఉంటే చాలు.

లావుగా ఉన్నవాళ్ల సమస్య అన్న రెండో మాట ఉత్త ఎగతాళి. తొడలు రాసుకుంటే గుడ్డ అరుగుతుంది, నిజమే. కానీ సైకిలు, మోటార్‌సైకిలు సీటు మీద రోజంతా తిరిగే సన్నటి కుర్రవాళ్ల ప్యాంట్లూ అక్కడే పోతాయి. కాళ్లు కలిసే చోట నాలుగు కుట్లు ఒక్కచోట చేరి గడ్డ కడతాయి, ఎత్తుగా ఉన్నదే ముందు రాసుకుంటుంది. నడుము నుంచి జారి కిందికి వేలాడే ప్యాంటయితే ఆ గడ్డ తొడల మధ్యకు దిగి ఇంకా త్వరగా పోతుంది. బెల్టు బిగించుకోవడం కూడా ఒక మరమ్మతే!

మందమైన జీన్సుకు ఆ బాధ ఉండదన్నది మూడో మాట. మందం కొంత ఆలస్యం చేస్తుంది, అంతే. ఎంత మందమైనా పత్తి పత్తే, రాపిడికి నైలాను తట్టుకున్నంతగా తట్టుకోదు. పైగా ఇప్పుడు అంగళ్లలో వేలాడే జీన్సులో చాలావరకు సాగే రకాలు. వాటి పోగులో పత్తి మధ్య ఎలాస్టేన్ అనే సాగే పోగు ఉంటుంది. పత్తి అరిగాక ఆ ఎలాస్టేన్ తెగి సన్నని తెల్లవెంట్రుకల్లా బయటికి వస్తుంది, మోకాలు ఉబ్బి అలాగే ఉండిపోతుంది. వేడి, బ్లీచింగ్ రెండూ దానికి పడవు. ఇలాంటి ప్యాంటుకు సాగే గుడ్డతోనే మాసిక వేసి, జిగ్‌జాగ్ కుట్టు వాడాలి. తిన్నని కుట్టు వేస్తే కూర్చున్న మొదటిసారే దారం తెగుతుంది.

ఆరు నెలలు ఉతక్కపోవడమా! జీన్సు కంపెనీ లెవీ స్ట్రాస్‌కు అప్పట్లో అధిపతిగా ఉన్న చిప్ బర్గ్ 2014లో తన జీన్సును ఏడాదిగా మెషిన్‌లో వేయలేదని చెప్పిన మాటే తిరిగితిరిగి ఇలా మారి ఉంటుంది. మరక పడితే ఆ చోటనే శుభ్రం చేసుకోమని ఆయన చెప్పిన సగం మాత్రం ఇక్కడికి చేరలేదు. ఆయన చెప్పింది నీళ్ల ఆదా గురించి. 2015లో ఆ కంపెనీ వేసిన లెక్క ప్రకారం ఒక జత జీన్సు జీవితకాలంలో 3,781 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి, అందులో సింహభాగం పత్తి సాగుకే. నీళ్లు మిగలాలంటే ఉన్న ప్యాంటును బాగుచేసి ఇంకొన్నాళ్లు తొడగడమే దారి, సందేశం మొదటి మాటలోనే దాన్ని పారేయమంటోంది. మన ఎండలో, మన దుమ్ములో నెలల తరబడి ఉతకని ప్యాంటు పోగుల మధ్య ఇసుక చేరి గుడ్డనే గీరుతుంది. ఉతకండి, కానీ తిరగేసి ఉతకండి. బండకేసి బాదడం, గట్టి బ్రష్షుతో తొడల దగ్గర రుద్దడం మానండి. గుడ్డను తినేది ఎక్కువగా అవే.

అసలు అరగకముందే చేయగలిగింది ఉంది, సందేశంలో దాని ఊసే లేదు. 1873లో ఆ కంపెనీ స్థాపకుడు లెవీ స్ట్రాస్‌తో కలిసి పేటెంటు పొందిన జేకబ్ డేవిస్ అమెరికాలోని రీనోలో ఒక టైలరు. కూలివాళ్ల ప్యాంట్లలో జేబుల మూలలు తరచూ చిరుగుతుంటే అక్కడ రాగి రివెట్లు కొట్టాడు. లాగుడు ఎక్కడ పడుతుందో చూసి ముందే బలం చేర్చడం, ఆయన చేసింది అదే. కొత్త ప్యాంటు తెచ్చిన రోజే కాళ్లు కలిసే చోట లోపల పలుచని నూలుగుడ్డ వేయించుకోవచ్చు. కింది అంచు మడమకు రాసుకుని పిగిలిపోతుంటే లోపల వెనకవైపు ఒక పట్టీ కుట్టించుకోవచ్చు, పాత టైలర్లు అడక్కుండానే వేసేవారు.

టైలర్లు చెప్పరన్న నింద ఒకటి మిగిలింది. మరమ్మతుకు చాలామంది టైలర్లు మొహం చిట్లిస్తారు, కాదనను. బల్ల మిషన్ మీద కుట్టిన ప్యాంటు కాలు పరచడం కష్టం. మోకాలి దగ్గరయితే పక్క కుట్టు విప్పి, మాసిక వేసి, మళ్లీ మూయాలి. జీన్సులో లోపలి కుట్టు రెండు వరుసలతో బిగించి ఉంటుంది కాబట్టి విప్పేది బయటి పక్క కుట్టునే. ఇంత పనికి ఇచ్చేది తక్కువ. అందుకే రాయదుర్గం జీన్సు చవకగా దొరికే మన జిల్లాలో ‘కొత్తది కొనుక్కోండి’ అనడం వాళ్లకూ తేలిక. కూలి ముందే మాట్లాడుకోండి, చిల్లు పెద్దది కాకముందే తీసుకెళ్లండి. ఇంకొక్కటి, దయచేసి ఉతికి తీసుకెళ్లండి.