పేరు చెప్పకపోతే సున్నా మార్కులేనా?

బ్లాగులకు మార్కులు వేసే పట్టిక ఎవరు తయారుచేసినా ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. రాసినవారి అసలు పేరు, ఫొటో ఉన్నాయా? అర్హతలు చెప్పారా? ఫోన్ నంబరో, ఈమెయిలో ఇచ్చారా? సొంత సోది కాకుండా విషయం ఉందా? డిజైన్ ప్రొఫెషనల్‌గా ఉందా? వారానికి ఎన్ని టపాలు (పోస్టులు), టపాకు ఎన్ని కామెంట్లు? పోటీలకు జడ్జీలుగా కూర్చునేవారు, ప్రాజెక్టు పనికి దిగిన విద్యార్థులు, ప్రకటనలివ్వడానికి బ్లాగులు వెతికే ఏజెన్సీలు, అందరి చేతిలోనూ ఇదే కాగితం. దీన్ని పట్టుకుని మహిళల బ్లాగుల దగ్గరికి వెళ్తే చాలావాటికి అత్తెసరు మార్కులే పడతాయి. లోపం బ్లాగుల్లో లేదు, కాగితంలో ఉంది. మొదటి గడిలో మరీ ఉంది.

తగువు పాతదే. మహిళా బ్లాగర్లు పురుషులకు సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉన్నట్టు లెక్కలు చెబుతున్నా, పత్రికలూ పరిశోధకులూ మాత్రం వయోజన పురుషుల బ్లాగుల గురించే మాట్లాడుతున్నారని భాషా పరిశోధకురాలు సుసాన్ హెరింగ్ బృందం 2004లోనే చూపించింది. 'ఆడ బ్లాగర్లు ఎక్కడున్నారు?' అనే ప్రశ్నకు జవాబుగా 2005లో ముగ్గురు మహిళలు బ్లాగ్‌హర్ అనే మహిళా బ్లాగర్ల వేదిక పెట్టారు. 1999లో 'బ్లాగర్' అనే బ్లాగు వేదికను తెచ్చిన సంస్థకు సహ వ్యవస్థాపకురాలు మెగ్ హౌరిహాన్. 2001లో వచ్చిన బ్లాగు సాఫ్ట్‌వేర్ మూవబుల్ టైప్‌ను తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మీనా ట్రాట్. ఆడవాళ్లు కట్టిన ఇంట్లో కూర్చుని ఆడవాళ్లేరీ అని అడగడమన్నమాట.

ముందు 'సొంత సోది' గడి సంగతి. హెరింగ్, జాన్ పావొలిల్లో అనే మరో పరిశోధకుడు కలిసి 2006లో ఇంకో పని చేశారు. ఆడవాళ్ల శైలి, మగవాళ్ల శైలి అని చెప్పుకునే భాషా లక్షణాలను బ్లాగుల్లో వెతికారు. తేడా రాసినవారి లింగాన్ని బట్టి రాలేదు, రచన రకాన్ని బట్టి వచ్చింది. డైరీ ఎవరు రాసినా 'ఆడ శైలి'లో ఉంది, లింకులిచ్చి వ్యాఖ్యానించే బ్లాగు ఎవరు రాసినా 'మగ శైలి'లో ఉంది. అంటే డైరీకి తక్కువ మార్కులు వేసే జడ్జి ఒక రచనా ప్రక్రియనే శిక్షిస్తున్నాడు. ఆ ప్రక్రియలో ఎక్కువగా రాసేది మహిళలు కాబట్టి దెబ్బ వాళ్లకు తగులుతోంది.

డైరీని కొలవడానికి వేరే కొలబద్ద ఉంది. రొమ్ము క్యాన్సర్ చికిత్స గురించి రాసిన బ్లాగునే తీసుకోండి. 'కీమోథెరపీతో జుట్టు రాలుతుంది, ధైర్యంగా ఉండండి' అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు. జుట్టు రాలడం మందును బట్టి ఉంటుంది. డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ లాంటివాటితో చాలామందికి పూర్తిగా పోతుంది, కొన్ని మందులతో పలచబడుతుందంతే. సాధారణంగా మొదటి డోసు తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మొదలవుతుంది. కాబట్టి మంచి టపాలో మందు పేరు ఉండాలి, అది ఎన్నో విడతో, ఆ విడతలో ఎన్నో రోజో ఉండాలి. డాక్టరు చెప్పినది ఏది, తనంతట తాను చేసినది ఏది అన్నది విడివిడిగా తెలియాలి. తర్వాత మారినదేమిటో అదే టపా కింద తేదీతో రాసి ఉండాలి. ఈ నాలుగూ ఉంటే అది సోది కాదు, ఆసుపత్రి కరపత్రం కూడా ఇవ్వలేని సమాచారం. మందు పేరు లేకపోతే మాత్రం ఎంత కదిలించే గద్యమైనా మార్కులు కోయాల్సిందే. అక్కడ మొహమాటం అక్కర్లేదు. గూగుల్ తన సెర్చ్ నాణ్యతా మార్గదర్శకాల్లో నైపుణ్యం, అధికారికత, నమ్మకం అనే మూడింటి పక్కన 'అనుభవం' అనే నాలుగోదాన్ని చేర్చింది 2022 డిసెంబరులో. డైరీలు రాసే మహిళల దగ్గర ఆ నాలుగోది ఇరవై ఏళ్లకు ముందు నుంచే ఉంది.

డిజైన్ దగ్గర జడ్జీలు కంటికి నచ్చినదాన్ని ప్రమాణం అనుకుంటారు. పాఠకులూ అంతే. స్టాన్‌ఫర్డ్‌లో బి.జె. ఫాగ్ బృందం 2002లో జరిపిన అధ్యయనంలో వెబ్‌సైట్ల విశ్వసనీయత గురించి జనం చేసిన వ్యాఖ్యల్లో 46 శాతం దాకా సైటు రూపాన్నే ప్రస్తావించాయి. మహిళల బ్లాగు అనగానే పువ్వులు, గులాబీ రంగు, వంకర అక్షరాలు అని నవ్వేవాళ్లు లెక్క ఎప్పుడూ వేసి చూడరు. మామూలు సైజు అక్షరానికి, దాని వెనక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రాప్యతా మార్గదర్శకాలు చెబుతాయి. తెల్లటి పేజీ మీద ముదురు గులాబీ, కోడ్ 990055, పెడితే ఆ నిష్పత్తి 8 దాటుతుంది. అదే పేజీ మీద 'క్లాసీ' అని అందరూ మెచ్చుకునే లేత బూడిద రంగు, కోడ్ 999999, పెడితే 2.85 దగ్గరే ఆగిపోతుంది. కాస్త ముదురు చేసి 777777 పెట్టినా 4.48, వెంట్రుకవాసిలో తప్పుతుంది. 767676కు వెళ్తేనే గట్టెక్కుతుంది. గులాబీని చూసి మార్కులు కోసి, బూడిదను చూసి మార్కులు వేసిన జడ్జి చదవలేని పేజీకి బహుమతి ఇచ్చినట్టే. అన్ని గులాబీలూ మంచివని కాదు. పలచటి గులాబీ అక్షరాలు తెలుపు మీద 4.5కు చాలా కిందే ఉండిపోతాయి, వాటికి తప్పకుండా కోత పెట్టాలి. కోత లెక్కను బట్టి పడాలి, రంగు పేరును బట్టి కాదు.

మిగిలినవి చకచకా చూసేయొచ్చు, అన్నీ ఫోన్‌లోనే చూడాలి. ప్రధాన బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనిపించాలి. కెమెరా నుంచి తీసిన నాలుగు వేల పిక్సెళ్ల ఫొటోను అలాగే ఎక్కించడమే చాలాచోట్ల ఆలస్యానికి కారణం, 1200 వెడల్పుకు కుదిస్తే తేలిపోతుంది. చదువుతుండగా ప్రకటన వచ్చి పేరా కిందికి జారిపోతే ఆ ప్రకటనకు ముందుగా చోటు కేటాయించలేదని అర్థం. తెర నిండా వచ్చే పాపప్‌ను మూసే గుర్తు 24 పిక్సెళ్ల కన్నా చిన్నదైతే వేలికి దొరకదు. తెలుగు లాంటి లిపులకు ఇంకో చిక్కు: ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల దూరం పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. అక్షరం ఎత్తుకు 1.6 రెట్లకు తగ్గకుండా ఉంటే కళ్లకు హాయి. ఉచితంగా దొరికే పేజీ మూసలు (టెంప్లేట్లు) చాలావరకు ఈ పని చేసిపెట్టవు. అందుకని మూస తప్పులను రచయిత్రి ఖాతాలో వేసే ముందు ఆ వేదికలో అది మార్చుకునే వీలుందా అన్నది చూడాలి.

ఇక అసలు గడి. పేరు, ఫొటో, సంప్రదించే వివరాలు.

2007లో కాథీ సియెరా అనే సాంకేతిక రచయిత్రికి హత్యా బెదిరింపులు వచ్చాయి. ఆమె సదస్సులు రద్దు చేసుకుని బ్లాగు ఆపేశారు. పేరు, ఫొటో, అర్హతలు అన్నీ బహిరంగంగా ఉన్న బ్లాగు అది, పట్టిక ప్రకారం నూటికి నూరు. మరోవైపు 2003 ఆగస్టు నుంచి బాగ్దాద్‌లో కరెంటు కోతల మధ్య కూర్చుని రాసిన యువతి రివర్‌బెండ్ అనే కలం పేరు మాత్రమే ఇచ్చింది. 2009 జనవరిలో బీబీసీ ఉర్దూలో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ బడి పిల్ల డైరీ 'గుల్ మకాయ్' పేరుతో వచ్చింది. రాసింది పదకొండేళ్ల మలాలా యూసఫ్‌జాయ్. మొదటి గడిలో వీళ్లిద్దరికీ సున్నా పడుతుంది. ఆ దశాబ్దంలో యుద్ధం, తీవ్రవాదం మధ్య బతుకు ఎలా ఉంటుందో లోకానికి చెప్పిన రెండు గొంతులకు సున్నా వేసే పట్టికను పక్కన పెట్టడానికి ఇంకా ఏం కావాలి?

పేరు దాచడం బద్ధకం కాదు, డిజైన్ నిర్ణయం. దాన్నీ డిజైన్‌లో భాగంగానే కొలవాలి. ఫొటోల్లో, ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ వివరాలు తీసేశారా? ఊరెళ్లిన టపా తిరిగొచ్చాక పడుతోందా, అక్కడున్నప్పుడే పడుతోందా? పిల్లల బడి యూనిఫాం, ఇంటి ముందు వీధి బోర్డు ఫ్రేములో ఉన్నాయా? కామెంట్లు ముందు ఆమె దగ్గరికి వెళ్లి తర్వాతే కనిపిస్తున్నాయా? సొంత డొమైన్ కొన్నవాళ్ల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు 2018 మే దాకా హూయిజ్ అనే డొమైన్ యజమానుల రికార్డుల్లో ఎవరైనా చూసేలా ఉండేవి, వాటిని దాచాలంటే విడిగా సేవ తీసుకోవాల్సి వచ్చేది. ఆ జాగ్రత్త పడిన మనిషికి 'పారదర్శకత లేదు' అని మార్కులు తగ్గించారు. కామెంట్లు మూసేసిన బ్లాగుకు 'పాఠకులతో సంబంధం లేదు' అని ఇంకో కోత.

పేరు లేకపోతే అబద్ధాలు రాస్తారు కదా అంటారు. 2011లో డమాస్కస్ నుంచి రాస్తున్న యువతిగా అమీనా అరాఫ్ పేరుతో నడిచిన బ్లాగును చూపిస్తారు. ఆమెను అరెస్టు చేశారనే వార్తకు ప్రపంచం కదిలింది, చివరకు రాసింది ఎడిన్‌బరోలో చదువుకుంటున్న నలభై ఏళ్ల అమెరికన్ అని తేలింది. కానీ ఆ బ్లాగులో పూర్తి పేరు ఉంది. ఫొటో ఉంది, లండన్‌లో ఉండే వేరే ఎవరిదో. మొదటి గడి నిండుగా ఉంది. మెదడు క్యాన్సర్‌ను ఆహారంతో నయం చేసుకున్నానని నమ్మించిన బెల్ గిబ్సన్ కూడా సొంత పేరుతో, సొంత ముఖంతోనే వ్యాపారం చేసింది. 2017లో ఆస్ట్రేలియా కోర్టు 4,10,000 డాలర్ల జరిమానా వేసింది. మోసగాళ్లు ముందుగా నింపేది ఆ గడినే. నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్లే దాన్ని ఖాళీగా వదులుతారు.

మరి నమ్మకాన్ని దేన్ని బట్టి కొలవాలి? అయిదు టపాలు చాలు. మొట్టమొదటిది, తాజాది, మధ్యలో వేర్వేరు ఏళ్లవి మూడు. వాటిని వరుసగా చదివితే చికిత్స మొదలైన నెల, పిల్లల వయసు, ఉద్యోగం మారిన ఏడాది లాంటివి ఒకదానితో ఒకటి పొసగాలి. కల్పించి రాసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే అబద్ధంలో సంఘటనలు రోజురోజుకూ పెద్దవవుతాయి, చిల్లర వివరాలు మాత్రం గుర్తుండవు. ఫొటోలు ఇంకెక్కడైనా ఉన్నాయేమో బొమ్మల శోధనలో వేసి చూడాలి. ప్రతి టపాలోనూ బయట సరిచూసుకోగల సంగతి ఒక్కటైనా ఉందేమో చూడాలి: మందు పేరు, చట్టం సెక్షన్, వస్తువు మోడల్ నంబరు. తప్పు దిద్దినచోట పాత మాట కొట్టివేతతో కనబడుతోందా, మాయమైపోయిందా?

తేదీలతో ఆటలాడేవాళ్లు ఉంటారు. పాత టపాకు కొత్త తేదీ వేసి తాజాదిగా చూపిస్తారు. దాన్ని పట్టుకోవడం తేలిక, కిందికి వెళ్లి మొదటి కామెంటు తేదీ చూస్తే చాలు. టపా 2024ది, దాని కింద కామెంటు 2015ది అయితే కథ తెలిసిపోతుంది. డబ్బు సంగతి కూడా అంతే. వస్తువు ఉచితంగా వచ్చిందని మొదటి పేరాలో చెప్పారా, అడుగున సన్న అక్షరాల్లో పెట్టారా? పెయిడ్ లింకులను సెర్చ్ ఇంజిన్లకు తెలిసేలా 'స్పాన్సర్డ్' అని గుర్తించే పద్ధతి 2019 నుంచి ఉంది. పేజీ సోర్సులో (పేజీ వెనకుండే కోడ్‌లో) ఆ గుర్తు ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. ఈ విషయంలో పేరున్నవాళ్లకూ పేరు లేనివాళ్లకూ ఒకే కత్తెర వాడాలి. ఉచితంగా వచ్చిన క్రీమును 'నా స్నేహితురాలు చెప్పింది' అని రాసేవారికి స్త్రీవాదం కవచం కాకూడదు.

ఈ మార్కుల గొడవ ఎందుకింత ముఖ్యమంటే, మార్కులు వచ్చినవే భద్రంగా మిగులుతాయి. పట్టికలో పైన ఉన్న బ్లాగులకు లింకులు పడతాయి, లింకులు పడ్డవాటినే వెబ్ ఆర్కైవ్ క్రాలర్లు (పేజీలను కాపీ చేసి దాచే ప్రోగ్రాములు) ఎక్కువసార్లు పట్టుకుంటాయి, వాటినే రేపటి పరిశోధకుడు చదువుతాడు. 2009లో, సొంత పేజీలు పెట్టుకునే వేదిక జియోసిటీస్ మూతపడినప్పుడు వ్యక్తిగత పేజీలు పెద్దఎత్తున పోయాయి, స్వచ్ఛందంగా కాపీలు తీసుకున్నవాళ్ల పుణ్యాన కొన్ని దక్కాయి. 2013 జులైలో, బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ ఆగిపోయాక చిన్న బ్లాగులకు పాఠకులు వచ్చే దారే సన్నబడింది. రాసేవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌కు మారారు, అక్కడ ఆరేళ్ల కిందటి పోస్టును వెతికి పట్టుకోవడం గగనం. హార్వర్డ్‌లోని ష్లెసింజర్ లైబ్రరీ మహిళల బ్లాగులను ప్రత్యేకంగా సేకరించి దాచింది. అలాంటి పని చేసే సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా కనబడవు. బాలింత బాధలు, విడాకుల కాగితాల తిరుగుడు, నెలసరి ఆగే వయసు గురించి పాతికేళ్లుగా ఆడవాళ్లు రాసుకున్నదంతా 'వ్యక్తిగతం' అనే ముద్రతో చెత్తబుట్టకు చేరుతోంది.

అందుకే మార్కుల పట్టికలో ఒక కొత్త గడి కావాలి: రేపు ఈ వేదిక మూతపడితే ఈ రాతలు ఆమె చేతిలో మిగులుతాయా? చాలామంది వర్డ్‌ప్రెస్‌లో 'ఎగుమతి' నొక్కి, వచ్చిన ఫైలును దాచుకుని నిశ్చింతగా ఉంటారు. ఆ ఫైలులో అక్షరాలు, కామెంట్లు ఉంటాయి, ఫొటోలు ఉండవు, వాటి చిరునామాలు మాత్రమే ఉంటాయి. పాత సైటు బతికుండగానే కొత్తచోట దిగుమతి చేసుకుంటేనే బొమ్మలు వస్తాయి, సైటు పోయాక ఆ చిరునామాలకు జవాబిచ్చేవాళ్లు ఉండరు. కాబట్టి ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డరును విడిగా దించుకోవాలి, ఆరునెలలకోసారి అయినా. జడ్జీలు పేరు అడగడం మానేసి, బ్యాకప్ ఎప్పుడు తీశారని అడగాలి.