చెన్నైకి ఎన్ని కిలోమీటర్లు?

2025 నవంబరు 28న దిత్వా తుపాను శ్రీలంకను తాకింది. కాండీ, బదుల్లా, నువర ఎలియా ప్రాంతాల్లో కొండచరియలు విరిగి ఇళ్లకు ఇళ్లే మట్టి కింద పడిపోయాయి. ఆ రోజు మన టీవీ తెరల మీద తిరిగిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడది చెన్నైకి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది? అడగకూడని ప్రశ్నేమీ కాదు. 2015 వరదల్లో మునిగిన ఊరిది, వేళచ్చేరిలో ఇల్లున్నవాళ్ల టెన్షన్ మాకూ తెలుసు. కానీ లంకలో మృతుల లెక్క 600 దాటేసరికి ఇక్కడ వాన తెరిపిచ్చింది. వానతో పాటు వార్త కూడా తెరిపిచ్చింది. మా పేజీల్లోనూ అంతే.

పక్కనున్న చిన్న దేశం తనకోసం తాను మనకు వార్త కాదు. హంబన్‌టోట రేవుకు చైనా నౌక వస్తే వార్త. 2022లో శ్రీలంక దివాలా తీసినప్పుడైతే తెలుగు మీడియాకు ఆ దేశం పేరే ఒక తిట్టుగా దొరికింది. మన రాష్ట్రం మరో శ్రీలంక అవుతుందని ఒకరంటే ఒక శీర్షిక, కాదని ఇంకొకరంటే మరో శీర్షిక. అక్కడ జరిగిందేమిటో చెప్పినవాళ్లు తక్కువ. 2019లో పన్నులు ఎడాపెడా తగ్గించారు, కోవిడ్‌తో టూరిస్టులు రావడం మానేశారు, 2021లో రసాయన ఎరువులను ఉన్నట్టుండి నిషేధించి వరి రైతును, తేయాకు రైతును ముంచారు. ఇదంతా వదిలేసి చైనా అప్పుల ఉచ్చు అని ఒక్క ముక్కలో తేల్చేశాం. నిజానికి చైనా అప్పు కన్నా విదేశీ మార్కెట్లలో బాండ్లు అమ్మి తెచ్చిన అప్పే ఎక్కువ. బాండ్ల గురించి రాస్తే ఎవరు చదువుతారనుకున్నామేమో!

మాల్దీవుల సంగతి ఇంకా విడ్డూరం. దాదాపు నెల్లూరు నగరమంత జనాభా ఉన్న దేశం. 2024 జనవరిలో అక్కడి ముగ్గురు ఉపమంత్రులు మన ప్రధాని మీద నోరు పారేసుకున్నారు, వాళ్ల ప్రభుత్వమే వాళ్లను సస్పెండ్ చేసింది. అయినా మన స్టూడియోల్లో రోజుల తరబడి యుద్ధం నడిచింది. 2025 జులైలో అదే దేశం 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి మన ప్రధాని అతిథిగా వెళ్లి రూ.4,850 కోట్ల రుణం ప్రకటించారు. అవే గొంతులు మళ్లీ స్నేహగీతం ఎత్తుకున్నాయి. మధ్యలో ఆ దేశానికి డాలర్ల కటకట ఎంతలా వచ్చిందో, అధ్యక్షుడు ముయిజ్జూ ఎందుకు మెత్తబడ్డారో చూసేవాడికి ఎవరూ చెప్పలేదు.

అన్నిటికన్నా మమ్మల్ని ఇబ్బంది పెట్టేది మత్స్యకారుల వార్త. తమిళనాడు జాలర్లను శ్రీలంక నేవీ పట్టుకుపోయిందన్న కబురు నెలకోసారైనా వేస్తాం. అరెస్టయినవాళ్ల ఇళ్లలో ఏడుపు నిజం, అది రాయాల్సిందే. ఆ వెంటనే కచ్చతీవు అనే చిన్న దీవిని శ్రీలంకకు వదిలేసిన 1974 ఒప్పందం, ఆ దీవి 285 ఎకరాలు, ఎవరు ఎవరికి ఇచ్చేశారన్న గొడవ. ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా జాలరి మాత్రం ఆ వార్తలో ఎక్కడా ఉండడు. అతనూ తమిళుడే. లంకలో అంతర్యుద్ధమున్నన్నాళ్లూ సముద్రంలోకి వెళ్లనివ్వక చితికిపోయినవాడు. ఇప్పుడు వెళితే మనవైపు నుంచి వచ్చిన పెద్ద మరపడవలు సముద్రం అడుగు దాకా ఊడ్చేసి, అతని వలలు కూడా తెంపుకుపోతున్నాయి. ఆ రకం వేటను శ్రీలంక 2017లోనే నిషేధించింది.

ఇది మనకు అర్థం కాని బాధేం కాదు. తమిళనాడులోని కడలూరు నుంచి సోనాబోట్లనే పెద్ద మరపడవలు వచ్చి మా చేపంతా తోడేస్తున్నాయి, మా వలలు కోసేస్తున్నాయి అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల గంగపుత్రులు మొత్తుకుంటే తెలుగు పత్రికలన్నీ వాళ్లవైపు నిలబడి రాశాయి. మేమూ రాశాం. అదే మాట నీళ్లకు అవతలి ఒడ్డున జాలరి అంటే మాత్రం మనకు వినపడదు.

దూరం అనడానికి లేదు. చెన్నై నుంచి జాఫ్నా పక్కనున్న పలాలికి విమానం గంటన్నర లోపే. సూళ్లూరుపేట లోకల్ రైలు రోజూ ఆగే గుమ్మిడిపూండిలోనే లంక శరణార్థుల శిబిరం ఉంది. కాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు తెలుగు మూలాలున్న నాయక రాజుల వంశంవాడు. 1815లో ఇంగ్లీషువాళ్లు గద్దె దించి తెచ్చి వేలూరు కోటలో పెడితే 1832లో అక్కడే కన్నుమూశాడు. లంకలో పాములాడిస్తూ ఊరూరా తిరిగిన అహికుంటక జనం మాట్లాడేది తెలుగే. ఈ సంగతి మన పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే తప్పు వాళ్లది కాదు.

ఏటా కచ్చతీవులో అంతోణియార్ (సెయింట్ ఆంథోనీ) చర్చి పండగకు రామేశ్వరం నుంచి భక్తులు పడవల్లో వెళతారు. అదే గుడికి జాఫ్నా వైపు నుంచీ వస్తారు. మన రిపోర్టర్లు ఈవైపు పడవలో వెళ్లి, ఈవైపు పడవలోనే తిరిగొస్తారు. వచ్చే పండక్కి మా వాళ్లలో ఒకరిని ముందుగా పలాలి విమానం ఎక్కించి, అటువైపు పడవలో రమ్మనాలని అనుకుంటున్నాం.