మార్కులు దాచిపెట్టిన ఆట

రిచర్డ్ గారియట్ 1985లో తెచ్చిన కంప్యూటర్ ఆట 'అల్టిమా 4' గురించి ఎవరు రాసినా, చివర్లో చంపాల్సిన రాక్షసుడే లేని ఆట అని మురిసిపోతారు. ఎనిమిది సుగుణాలు అలవరచుకుని 'అవతార్' కావడమే అందులో గెలుపు. అంతవరకూ నిజమే. నన్ను అడిగితే, గారియట్ తెలివంతా ఇంకోచోట ఉంది. ఆటగాడి మంచితనానికి మార్కులు వేస్తూనే, వాటిని అతడి కంట పడనివ్వలేదు.

నేపథ్యం ఇదీ. 'అల్టిమా 3'ను 1983లో సొంత సంస్థ ఆరిజిన్ ద్వారా విడుదల చేయడంతో జనం రాసిన ఉత్తరాలు నేరుగా ఆయన చేతికే వచ్చాయి. అట్ట మీది దెయ్యం బొమ్మ చూసి కొందరు తల్లిదండ్రులు మండిపడ్డారు. ఆటగాళ్లేమో ఆటలో దుకాణాలు దోచి, ఊరివాళ్లను నరికి, లోకాన్ని కాపాడిన వీరులమని సంబరపడ్డారు. దానికి జవాబుగా పుట్టిందే నాలుగో భాగం.

అందులో మంత్రాలకు కావలసిన దినుసులు అమ్మే స్త్రీకి చూపు లేదు. ధర చెబుతుంది. ఎంత ఇస్తున్నామో మనమే టైపు చేయాలి. ఒక్క నాణెం పడేసినా సరుకు చేతికొస్తుంది. గొడవ జరగదు, కాపలావాళ్లు రారు, ఆ నాణెం తప్ప తెరమీద ఏ అంకే తగ్గదు. లోపల మాత్రం నిజాయితీ, న్యాయం లెక్కలు పడిపోతాయి. రాజుగారి కోటలో హాక్‌విండ్ అనే జ్ఞాని ఉంటాడు. వెళ్లి అడిగితే దారి తప్పావనో, బాగానే నడుస్తున్నావనో ఓ మాట అంటాడు తప్ప ఎన్ని మార్కులో చెప్పడు. వైద్యుల దగ్గర రక్తదానం చేస్తే ఒంట్లో బలం తగ్గడం వెంటనే కనిపిస్తుంది, త్యాగం పెరగడం కనిపించదు. నష్టం ఎదురుగా, లాభం చాటున! ఈ ఏర్పాటు చేసినవాడికి మనిషి బాగా తెలుసు.

దాచినా అంకెలు అంకెలేగా, కిటుకు తెలిస్తే బిచ్చగాళ్లకు పదేపదే చిల్లర వేసి కరుణ పెంచుకోవచ్చుగా అంటారు. పెంచుకోవచ్చు. అయితే కిటుకు తెలియని ఆటగాడు ఆ కొట్టు ముందు, కీబోర్డు మీద వేళ్లు పెట్టి, ఒకటి కొట్టాలా అరవై కొట్టాలా అని తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపు కోసమే ఆట కట్టారు.

తర్వాత వచ్చినవాళ్లు దాన్నే పోగొట్టారు. 2007 నాటి 'మాస్ ఎఫెక్ట్' ఆటలో తెరమీదే మంచికి నీలి గీత, మొరటుతనానికి ఎర్ర గీత. గీత నింపడానికే మంచి మాటలు ఎంచుకునేవాళ్లు తయారయ్యారు.

ఆటల సంగతి అలా ఉంచితే, గీతల పిచ్చి మనకేం తక్కువ? గుడికి ఫ్యాను ఇచ్చిన దాత మూడు రెక్కల మీదా పేరు రాయిస్తాడు. పది దుప్పట్లు పంచితే పాతిక ఫొటోలు. ఇప్పుడు బడిపిల్లల ప్రవర్తనకు సైతం పాయింట్లు వేసే యాప్‌లు వచ్చాయి. టీచరు చూస్తుండగా కాగితం ముక్క ఎత్తినవాడికి పాయింటు పడుతుంది. టీచరు బయటికి వెళ్లాక ఎత్తినవాడికి ఆ యాప్‌లో గడే లేదు.