ఆత్మపరిశీలన పిల్లలకేనా?

అమెరికా రాష్ట్రమైన హవాయిలో విద్యామండలి 2015లో 'నా హోపెనా ఆవో' అనే విధానాన్ని ఆమోదించింది. బాధ్యత, శ్రేష్ఠత, అలోహా (ప్రేమాభిమానాలు), సంపూర్ణ క్షేమం, తమవారితోనూ తమ నేలతోనూ అనుబంధం అనే విలువలను మూలవాసుల సంస్కృతి నుంచి తీసుకుని, ఎవరికి వారు తమ నడవడిని పరిశీలించుకునేలా విద్యార్థులను తీర్చిదిద్దాలన్నది దాని సంకల్పం. చదువంటే మార్కులు మాత్రమే కాదని ఒక ప్రభుత్వం కాగితం మీదనైనా ఒప్పుకోవడం మెచ్చదగినదే. ఆ కాగితం ప్రకారం ఈ విలువలు విద్యార్థులకే కాక విద్యాశాఖ మొత్తానికీ వర్తిస్తాయి. మా అభ్యంతరమల్లా ఆ రెండో సగం అమలు గురించే.

1893లో, అప్పటికి స్వతంత్ర రాజ్యమైన హవాయిని ఏలుతున్న రాణి లిలియుఒకలానీని అమెరికన్ వ్యాపారులు గద్దె దింపిన మూడేళ్లకే, 1896 చట్టం బడుల్లో ఇంగ్లిషును బోధనా మాధ్యమం చేసింది. మాతృభాష మాట్లాడిన పిల్లలను దండించింది ఆ బడులే. 1978 నాటి రాష్ట్ర రాజ్యాంగ సవరణ హవాయి భాషకు అధికార హోదా ఇచ్చినా, 1984లో కవాయీ దీవిలో హవాయి మాధ్యమంలో నడిచే తొలి 'పూనానా లేవో' శిశు పాఠశాలను తెరిచింది ప్రభుత్వం కాదు, భాష చచ్చిపోతుందని భయపడిన కుటుంబాలూ ఉపాధ్యాయులూ. పాత చట్టంలోని అడ్డంకి తొలగడానికి 1986 దాకా ఆగవలసి వచ్చింది.

ఇదంతా గతమని సరిపెట్టుకుందామన్నా వీలులేదు. 2018 జనవరిలో మావీ దీవి కోర్టులో ఒక అధ్యాపకుడు అధికార భాష అయిన హవాయిలోనే బదులిచ్చినందుకు, ఎదురుగా నిలబడి ఉన్న మనిషి హాజరు కానట్టు లెక్కగట్టి న్యాయమూర్తి అరెస్టు వారంటు జారీ చేశారు. మరునాడు దాన్ని ఉపసంహరించుకున్నారు. లానాయ్ దీవిలో తన బిడ్డలకు హవాయి మాధ్యమ బోధన కావాలని ఒక తల్లి అడిగితే, సొంత సంస్కృతి విలువలను ఊరూరా బోధిస్తున్న ఆ విద్యాశాఖే, రాజ్యాంగం తమను అంతదూరం కట్టడి చేయలేదని కోర్టులో వాదించింది. అందుకు సహేతుకమైన ప్రయత్నాలన్నీ చేయవలసిందేనని 2019 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. హవాయి మాధ్యమంలో బోధించగల ఉపాధ్యాయులు దొరకడం కష్టమన్నది అధికారుల మాట. అందులో కొంత నిజముంది. కానీ ఆ కొరత ఎవరి చట్టాల వల్ల పుట్టిందో కూడా వారే చెప్పాలి.

ఆత్మపరిశీలనకు ఆ సంస్కృతిలో ఒక పద్ధతి ఉంది. హోఓపోనోపోనో అనే ఆ పద్ధతిలో పెద్దమనిషి ఒకడు కుటుంబాన్ని కూర్చోబెట్టి, ప్రార్థనతో మొదలుపెట్టి, చిక్కుముడిని పొరపొరగా విప్పుతాడు. తప్పు చేసినవాడు అందరి ఎదుటా ఒప్పుకుని, జరిగిన నష్టాన్ని పూడ్చడానికి సిద్ధపడాలి. అప్పుడే ఇరుపక్షాలూ ఒకరినొకరు విడుదల చేసుకుంటారు. (మన యూట్యూబ్ గురువులు దీన్ని నాలుగు వాక్యాల జపంగా కుదించి అమ్ముకోవడం వేరే సంగతి.) నష్టం పూడ్చకుండా క్షమాపణతో సరిపెట్టడానికి అందులో చోటు లేదు. 1893 నాటి కుట్రకు 1993లో అమెరికా కాంగ్రెస్ క్షమాపణ చెబుతూనే, ఆ తీర్మానం అమెరికాపై ఎలాంటి క్లెయిములనూ పరిష్కరించదని అందులోనే రాసుకుంది. తరగతిలో ఒక పిల్లవాడు ఇలా క్షమాపణ చెబితే ఏ ఉపాధ్యాయురాలు ఒప్పుకుంటుంది?

నేలను కాపాడుకోవడం ఈ పాఠాల్లో మరొకటి. హవాయి దీవిలోని సైనిక శిక్షణా ప్రాంతం పోహకులోవాలో దాదాపు 23 వేల ఎకరాలను రాష్ట్రం 1964లో 65 ఏళ్లకు ఒక్క డాలరుకు సైన్యానికి లీజుకిచ్చింది. ఆ భూమి బాగోగులు చూసే ధర్మకర్త బాధ్యతలో రాష్ట్రం విఫలమైందని తేల్చింది కూడా అదే సుప్రీంకోర్టు, అదే 2019 ఆగస్టులో. లీజు గడువు 2029లో తీరుతుంది. విధానం వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో కూర్చుని బాధ్యత గురించి విన్న పిల్లలు అప్పటికి ఓటర్లయి ఉంటారు. తాము ఏనాడూ అప్పజెప్పని పాఠాన్ని వారి చేత వల్లె వేయించిన పెద్దలు, ఆనాడు ఏ ముఖం పెట్టుకుని వారి ఓటు అడుగుతారు?