చేతికి కట్టు సరే, ఎముక మాటేమిటి?

స్నానాల గదిలో కాలు జారి చెయ్యి ఆనించి పడిన పెద్దావిడకు భుజం దగ్గర ఎముక విరిగితే ఇంటిల్లిపాదీ దాన్ని గ్రహపాటు కిందే జమకడతారు. నిజానికి నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన గట్టి ఎముక విరగదు. విరిగిందంటే అప్పటికే అది గుల్లబారిందని అనుమానించాలి. పెద్దవయసులో తుంటి, మణికట్టు తరవాత ఇలా ఎక్కువగా విరిగేది జబ్బ ఎముక పైభాగమే. అయినా చాలామందికి వైద్యం కట్టు వేయడంతో మొదలై కట్టు విప్పడంతో ముగిసిపోతోంది. ప్రపంచమంతటా ఉన్న లోపమే ఇది; విశాఖపట్నం దీన్ని సరిదిద్దుకోవాలి.

ఈ విరుగుళ్లలో అధికభాగం ఎముక పెద్దగా పక్కకు జరగనివే కావడంతో చేతిని మెడకు వేలాడదీసే పట్టీ (స్లింగు)తోనే అతుక్కుంటాయి. బ్రిటన్‌లో 250 మందిపై జరిపి 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఎముక పక్కకు జరిగినవారిలో సైతం, ఆపరేషన్ చేయించుకున్నవారికీ చేయించుకోనివారికీ రెండేళ్ల తరవాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కీలు తొలగినా, ఎముక తల చీలినా, నరానికో రక్తనాళానికో దెబ్బ తగిలినా దారి వేరు. ప్లేటు వేయాలో, కీలు మార్చాలో నిపుణులు తేల్చాలి.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలవుతుంది. నాలుగైదు రోజులకు కమిలిన నలుపు మోచేతి దాకా, ఒక్కోసారి రొమ్ము దాకా దిగుతుంది. అది సాధారణమేనని ముందే చెబితే ఇంట్లోవాళ్లు హడలిపోరు. మన తీరపు ఉక్కపోతకు చంక ఒరిసి పుండు పడుతుంది కనుక అక్కడ మెత్తని పొడిబట్ట ఉంచి తరచు మార్చాలి. రవిక తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. నొప్పికి భయపడి నెలల తరబడి చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోయి, ఎముక అతికినా తల దువ్వుకోవడం, ముడి వేసుకోవడం చేతకాకుండా పోతుంది. అందుకే డాక్టరు సరేనన్నాక, సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లోపు, రెండో చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి, దెబ్బ తగిలిన చేతిని వేలాడదీసి చిన్న సున్నాలు చుట్టించాలి. ఈలోగా నాటు కట్టు, తైలమర్దన జోలికి పోకూడదు.

ఇక గుల్లబారిన ఎముక సంగతి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఎముక వేగంగా క్షీణిస్తుంది. ఉబ్బసానికి, కీళ్లవాతానికి ఏళ్ల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు, ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో పెద్దవయసు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ దానికి తోడవుతాయి. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో టీ-స్కోరు (ఆరోగ్యవంతులైన యువత ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఎముక గుల్లబారే వ్యాధి ఉన్నట్టే. అయితే పడి భుజం విరిగిన పెద్దావిడ విషయంలో ఆ అంకె కోసం వైద్యాన్ని ఆపడం తగదు, ఎందుకంటే భుజం విరిగిన తొలి ఏడాదిలోనే తుంటి విరిగే ముప్పు బాగా పెరుగుతుంది. తుంటి విరిగితే మనిషి మంచాన పడడమే కాదు, ప్రాణం మీదికీ రావచ్చు. ఎముక క్షీణతను తగ్గించడానికి వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్రను పరగడుపున గ్లాసుడు నీళ్లతో మింగి అరగంట నడుం వాల్చకూడదని, ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రొనిక్ యాసిడ్ సూదిమందూ ఉన్నదని, ముందుగా మూత్రపిండాల పనితీరు, కాల్షియం, విటమిన్ డి చూసుకోవాలని రోగికి ఓపికగా చెప్పేవారు కావాలి.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1999లో ఆ పనికే ఒక విభాగం పెట్టారు. ఎముక విరిగి వచ్చిన యాభై దాటిన ప్రతి ఒక్కరినీ నమోదు చేసి, పరీక్ష, మందు, పడిపోకుండా జాగ్రత్తలు అందేదాకా వెంటపడే నర్సు దానికి ఆయువుపట్టు. విశాఖలోని ప్రభుత్వాసుపత్రులైన కేజీహెచ్, విమ్స్ ఎముకల విభాగాల్లో అటువంటి ఒక నర్సును, ఒక రిజిస్టరును ఏర్పాటు చేయాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాం. కట్టు విప్పించుకుని వెళ్లినవారి పేర్లు పట్టణ ఆరోగ్య కేంద్రాలకు పంపితే, ఆశా కార్యకర్తలు ఇంటికి వెళ్లి మాత్ర వేసుకుంటున్నారో లేదో, స్నానాల గదిలో పట్టుకోను కడ్డీ ఉన్నదో లేదో చూసి రాగలరు.